తుప్పు పట్టు: పాత ల్యాండ్ రోవర్ కమాను బోల్టులను విప్పే విధానం

పాత ల్యాండ్ రోవర్‌లో కమాను కట్టను చాసీకి కలిపి ఉంచేవి పన్నెండు బోల్టులు. బ్రిటన్‌లోని రోవర్ సంస్థ ఈ ఫోర్ వీల్ డ్రైవ్ బండిని 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో తొలిసారి చూపింది. ఆ మొదటి బండి నుంచి 1985లో ముగిసిన సిరీస్ 3 దాకా, సిరీస్ బండ్లన్నిటిలో రెండు యాక్సిళ్ళూ కమాను కట్టల మీదే ఆధారపడ్డాయి. బాడీ పలకలు ఎక్కువగా అల్యూమినియం మిశ్రమంతో చేసినవి కాబట్టి అవి తుప్పుకు లొంగవు. కింద ఉన్న చాసీ, కమానులు, బోల్టులు మాత్రం ఉక్కువి. అందువల్ల యాభై ఏళ్ళ బండి పైకి నిక్షేపంగా కనిపిస్తూనే, కమానులు మార్చే సమయం వచ్చేసరికి ఒక్క బోల్టూ కదలని స్థితిలో ఉంటుంది. అలా పట్టేసిన బోల్టును విడదీయడానికి కండబలం కన్నా ముందు తెలియవలసింది, అది ఎక్కడ పట్టిందన్న సంగతి.

బోల్టు కూర్చున్న తీరు

ప్రతి కమాను కట్టకు రెండు కొసలు. ఒక కొస చాసీ బ్రాకెట్టులో స్థిరంగా ఉంటుంది. కమాను అణిగినప్పుడు దాని పొడవు కాస్త పెరుగుతుంది కాబట్టి రెండో కొసకు ముందుకూ వెనక్కూ ఊగే వీలుండాలి. ఆ వీలు కల్పించేది షాకిల్. రెండు ఉక్కు పలకల మధ్య పైన ఒక బోల్టు చాసీ గుండా, కింద ఒక బోల్టు కమాను కన్ను గుండా వెళతాయి. స్థిరమైన కొస దగ్గర ఒకటి, షాకిల్ దగ్గర రెండు, వెరసి కమానుకు మూడు బోల్టులు. నాలుగు కమానులకు పన్నెండు.

బోల్టు నేరుగా కమాను కన్నులో కూర్చోదు. మధ్యలో బుష్ ఉంటుంది. మన వర్క్‌షాపుల్లో సైలెంట్ బ్లాక్ అని పిలిచే రకం ఇది: బయట ఒక ఉక్కు గొట్టం, లోపల మరో ఉక్కు గొట్టం, రెండింటి నడుమ రబ్బరు. బయటి గొట్టం కన్నులోకి గట్టిగా నొక్కి దిగి ఉంటుంది. లోపలి గొట్టం గుండా బోల్టు వెళుతుంది. బోల్టు బిగించగానే రెండు పలకలూ లోపలి గొట్టం కొసలను నొక్కి పట్టుకుంటాయి. ఇక బోల్టు, లోపలి గొట్టం, పలకలు ఒకే ముక్కలా ఉంటాయి. కమాను ఆడినప్పుడు మెలితిరిగేది రబ్బరు ఒక్కటే. లోహం మీద లోహం రాసుకోదు, గ్రీజు అక్కర్లేదు. చాలా తెలివైన ఏర్పాటు. అయితే బోల్టు కాడకూ లోపలి గొట్టానికీ నడుమ ఒక సన్నని ఖాళీ మిగిలిపోతుంది. ఏళ్ళ తరబడి ఎవరూ కదిలించని, నూనె చుక్క చేరని ఆ ఖాళీలోనే తుప్పు స్థిరపడుతుంది.

ఈ బండిలో తెలిసి ఉండవలసిన మరో విశేషం, షాకిల్ రెండు పలకల్లో ఒకదానికి లోపల మరలు కోసి ఉండటం. బోల్టు ముందు ఆ పలకలోకి మరతిరిగి, ఆ తర్వాత బయట లాక్ నట్టుతో బిగుస్తుంది. నట్టు ఊడగానే బోల్టును సుత్తితో వెనక్కి కొట్టబోతే పలకలోని మరలు పాడవడం తప్ప బోల్టు రాదు. నట్టు తీశాక కూడా బోల్టును తిప్పే బయటికి తీయాలి.

తుప్పు ఎందుకు అంత గట్టిగా పడుతుంది

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. లోహంలో ఒక చోట ఇనుము అయాన్లుగా కరుగుతుంది, అక్కడ విడుదలైన ఎలక్ట్రాన్లను మరో చోట ఆక్సిజన్, నీరు అందుకుంటాయి. ఈ రెండు చోట్ల మధ్య విద్యుత్ వలయాన్ని పూర్తిచేసేది తేమ. అందులో ఉప్పు కరిగి ఉంటే వాహకత పెరిగి చర్య వేగం అందుకుంటుంది. బ్రిటన్‌లో చలికాలంలో రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా రాతి ఉప్పు చల్లుతారు. చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గని ఆ ఉప్పుకు ముఖ్యమైన వనరు. చక్రాలు చిమ్మిన ఉప్పు నీరు సరిగ్గా కమాను బోల్టుల మీదే పడుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఇదే పనిని ఉప్పుతో నిండిన సముద్రపు గాలి చేస్తుంది.

ఇరుకు సందుల్లో తుప్పు ఎక్కువ కావడానికి కారణాన్ని కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త యూలిక్ రిచర్డ్‌సన్ ఎవాన్స్ ఒక ఉప్పు నీటి చుక్కతో వివరించాడు. ఇనుప పలక మీద చుక్క వేస్తే, అంచుల దగ్గర గాలి సులువుగా అందుతుంది, మధ్యలో అందదు. ఆక్సిజన్ తక్కువైన మధ్య భాగమే ఆనోడుగా మారి కరిగిపోతుంది. బోల్టు కాడ చుట్టూ ఉన్న సందు కూడా అలాంటి మధ్య భాగమే. సందు మూతి దగ్గర గాలి ఉంటుంది, లోపల ఉండదు. పైకి కనిపించే నట్టు మీద పలుచని పొర మాత్రమే ఉన్నా, లోపల కాడ సగం తిని ఉండటానికి కారణం ఇదే.

తుప్పు లోహాన్ని తినడంతో ఆగదు, చోటునూ ఆక్రమిస్తుంది. కరిగిన ఇనుము కన్నా దాని నుంచి ఏర్పడే తుప్పు ఘనపరిమాణం రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ. బయటికి పోయే దారి లేని సందులో ఆ పెరుగుదల ఒత్తిడిగా మారి, కాడనూ గొట్టాన్నీ ఒకదానికొకటి బిగించేస్తుంది. అందువల్ల పట్టేసిన బోల్టు మురికి అంటుకున్న బోల్టు వంటిది కాదు. అన్ని వైపుల నుంచీ చీలలు దిగగొట్టిన స్థితిలో ఉంటుంది.

పట్టు ఎక్కడుందో కనిపెట్టడం

కదలని బోల్టును నాలుగు వేర్వేరు శక్తులు ఆపుతుండవచ్చు. మొదటిది బిగింపు వల్ల కలిగిన మామూలు ఘర్షణ. పొడి బోల్టును బిగించేటప్పుడు పెట్టే టార్కులో దాదాపు సగం తల కింది ఘర్షణకూ, 40 శాతం మరల ఘర్షణకూ పోగా, 10 శాతం మాత్రమే బోల్టును సాగదీసి పట్టు కలిగిస్తుంది. రెండోది మరల్లో చేరిన తుప్పు. మూడోది కాడకూ గొట్టానికీ మధ్య తుప్పు. నాలుగోది తుప్పుతో సంబంధం లేని బండి బరువు. కమాను ఇంకా భారం మోస్తుంటే బోల్టు పక్కకు నొక్కుకుని ఉంటుంది, ఎంత శుభ్రంగా ఉన్నా జారదు.

ఈ నాలుగింటినీ వేరు చేసే పరీక్ష సులువు. బోల్టు తల మీద, అవతలి కొస మీద సుద్దతో గానీ రంగుతో గానీ ఒక్కో గీత గీయాలి. తర్వాత తలను మెల్లగా తిప్పి చూడాలి. రెండు గీతలూ కదలకపోతే తల కిందో, మరల్లోనో పట్టు ఉంది. రెండూ కలిసి కొంత తిరిగి, చేయి వదలగానే వెనక్కి వస్తే కాడ గొట్టానికి అతుక్కుంది. అప్పుడు బోల్టుతో పాటు గొట్టమూ తిరుగుతూ రబ్బరును మెలిపెడుతోంది, రబ్బరు దాన్ని తిరిగి లాగుతోంది. తల గీత కదిలి, అవతలి గీత కదలకుండా, వదిలినా తల వెనక్కి రాకపోతే ఉక్కు శాశ్వతంగా మెలితిరుగుతోందన్నమాట. అక్కడే ఆపాలి. ఇంకొంచెం తిప్పితే బోల్టు తెగుతుంది.

రబ్బరు మెలితిరిగే సందర్భంలో పొడవాటి పైపు తగిలించి బలం పెంచడం వల్ల ఫలితం ఉండదు. పెట్టిన శ్రమంతా రబ్బరు మింగేస్తుంది. కొత్తవారు ఎక్కువగా అలసిపోయేది ఇక్కడే.

భారం తీయడం, శుభ్రం చేయడం

ముందుగా చాసీని గట్టి స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి పోకూడదు. యాక్సిల్ కింద వేరే జాకీ పెట్టి, కమాను వేలాడకుండా, అణగకుండా ఉండే ఎత్తుకు దాన్ని సరిచేయాలి. ఆ ఎత్తులో బోల్టు మీద పక్క భారం దాదాపు సున్నా అవుతుంది. యాక్సిల్‌ను కొద్ది కొద్దిగా పైకీ కిందికీ కదిపి చూస్తే, బోల్టు సులువయ్యే స్థానం చేతికే తెలుస్తుంది. షాక్ అబ్జార్బరు ఒక కొస విప్పితే ఈ సర్దుబాటు తేలిక.

తర్వాత బయటికి కనిపించే మరలను వైరు బ్రష్షుతో పూర్తిగా రుద్దాలి. నట్టు వెనక్కి రావలసిన దారి అదే. ఆ దారిలో తుప్పు పెళ్ళలు ఉంటే సగం వచ్చిన నట్టు మళ్ళీ బిగుసుకుంటుంది.

నూనెకు కావలసింది కాలం

పట్టేసిన మరల్లోకి దిగే నూనెకు రెండు గుణాలుండాలి: స్నిగ్ధత తక్కువ, లోహాన్ని బాగా తడిపే స్వభావం. అలాంటి ద్రవం కేశనాళికీయత వల్ల ఇరుకు సందులోకి తనంతట తాను పాకుతుంది, ప్రమిదలో నూనె వత్తి వెంట ఎక్కినట్టు. ఈ పాకుడు వేగానికి ఎడ్వర్డ్ వాష్‌బర్న్ 1921లో సూత్రం చెప్పాడు. దాని ప్రకారం ద్రవం చేరిన దూరం కాలం వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. రెండింతల లోతుకు చేరాలంటే నాలుగింతల కాలం కావాలి. సందు ఇరుకైన కొద్దీ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. నూనె చల్లిన పది నిమిషాలకే పానా పట్టుకోవడం వల్ల ఏమీ ఒరగకపోవడానికి కారణం ఇదే. పని మొదలుపెట్టే రోజుకు రెండు మూడు రోజుల ముందు నుంచి పూటపూటా నూనె పట్టించి, ప్రతిసారీ బోల్టు తల మీద సుత్తితో తేలికగా తడుతుండాలి. ఆ అదురుకు తుప్పులో సన్నని పగుళ్ళు ఏర్పడి నూనెకు కొత్త దారులు తెరుచుకుంటాయి.

నూనె తుప్పును కరిగించదు. పగుళ్ళలో చేరి ఘర్షణ తగ్గించడమే దాని పని. కాడ మొత్తం గొట్టానికి అతుక్కున్నప్పుడు రెండు కొసల నుంచి కొంత లోపలికి మాత్రమే అది సాయపడుతుంది, నడిమి భాగానికి చేరదు.

పానా, పైపు, అదురు

బలం పెట్టే ముందు పానా సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. ఈ బండ్ల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. తొలి కాలపు ల్యాండ్ రోవర్లలో బ్రిటిష్ ప్రమాణపు మరలు ఉండేవి. బ్రిటన్, అమెరికా, కెనడా 1948లో ఉమ్మడి అంగుళాల మరలకు ఒప్పుకున్నాక, తర్వాతి బండ్లు క్రమంగా వాటికి మారాయి. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన పాత ప్రమాణంలో పానా మీది అంకె బోల్టు వ్యాసాన్ని చెబుతుంది. తర్వాతి ప్రమాణాల్లో అది తల ఎదురెదురు ముఖాల మధ్య దూరాన్ని చెబుతుంది. అర అంగుళం ముఖానికి 13 మిల్లీమీటర్ల పానా తగిలిస్తే 0.3 మిల్లీమీటర్ల వదులు ఉంటుంది. మామూలు బోల్టు దానికి ఊడిరావచ్చు గానీ, పట్టేసిన బోల్టు తల మూలలు అరిగి గుండ్రమవుతాయి. పన్నెండు కోణాల రింగు స్పానరు మూలల దగ్గర పడుతుంది, ఆరు ముఖాల సాకెట్టు ముఖాల మీద పడుతుంది. పట్టేసిన వాటికి రెండోదే తగినది.

టార్కు అంటే బలం, చేతి పొడవుల లబ్ధం. అర మీటరు రాడ్డు కొసన 300 న్యూటన్ల బలం పెడితే 150 న్యూటన్ మీటర్ల టార్కు వస్తుంది. మీటరు పైపు తగిలిస్తే అదే బలానికి రెండింతలు. అయితే బోల్టు తట్టుకునే టార్కు దాని వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. 14 మిల్లీమీటర్ల కాడ తుప్పుతో 12 మిల్లీమీటర్లకు తగ్గితే, వ్యాసంలో పోయింది ఏడో వంతే గానీ మెలికను తట్టుకునే శక్తి 63 శాతానికి పడిపోతుంది. పైపు పొడవు పెంచే ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

కదలిక మొదలయ్యాక ఒకే దిశలో లాగకూడదు. పావు చుట్టు విప్పడం, కొద్దిగా బిగించడం, నూనె వేయడం, మళ్ళీ విప్పడం: ఇదే క్రమం. వెనక్కి తిప్పినప్పుడు తుప్పు పొడి మరల్లోంచి రాలిపోతుంది. ఒకే దిశలో లాగితే ఆ పొడి మరల మధ్య గుట్టపడి వాటిని చీరుకుంటూ మళ్ళీ బిగుసుకుంటుంది.

ఇంపాక్ట్ గన్ గట్టి టార్కునే అతి చిన్న దెబ్బలుగా విడగొట్టి ఇస్తుంది. ప్రతి దెబ్బా క్షణంలో అతి చిన్న భాగం మాత్రమే ఉండటం వల్ల కాడ పూర్తిగా మెలితిరిగే లోపే మరల మధ్య పెళుసు తుప్పు చిట్లుతుంది. మరల పట్టుకు ఇది మంచి మందు. రబ్బరు వెనకున్న పట్టుకు దీని ప్రభావం అంతగా ఉండదు.

వేడి

ఉక్కు ప్రతి డిగ్రీ సెల్సియస్‌కూ తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 12 వంతులు పెరుగుతుంది. 14 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న నట్టును 300 డిగ్రీలు వేడెక్కిస్తే రంధ్రం దాదాపు 0.05 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. కంటికి కనిపించని ఈ తేడా తుప్పు బంధాన్ని తెంచడానికి చాలు. ఇందులో గమనించవలసింది, వేడి నట్టుకు త్వరగా తగలాలి, బోల్టుకు పాకే లోపే తిప్పాలి. రెండూ సమానంగా వేడెక్కితే రెండూ సమానంగా పెరుగుతాయి, సందు మారదు. ఒకసారికి రాకపోతే చల్లారనిచ్చి మళ్ళీ వేడి చేయాలి. వ్యాకోచ సంకోచాల ప్రతి చక్రంలోనూ తుప్పు కొంత చిట్లుతుంది.

తల మీద 8.8 అని ముద్ర ఉన్న బోల్టులను గట్టిపరిచాక కనీసం 425 డిగ్రీల దగ్గర టెంపరింగ్ చేస్తారు. మంటలో ఎర్రబడిన బోల్టు ఆ హద్దు దాటిపోయి బలం కోల్పోతుంది, దాన్ని మళ్ళీ వాడకూడదు. కమాను పట్టీలకు మంట తగలనివ్వకూడదు. వాటి స్ప్రింగు గుణం కూడా టెంపరింగ్ వల్ల వచ్చిందే, మంట తగిలిన చోట అది పోతుంది.

మంట వాడే ముందు ఇంధన ట్యాంకు, బ్రేకు గొట్టాలు ఎక్కడున్నాయో చూడాలి. చల్లిన నూనెను తుడిచేయాలి. గ్యాసు నింపిన షాక్ అబ్జార్బరు వేడికి పేలగలదు కాబట్టి దాన్ని ముందే తీసేయాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరుతో శుభ్రం చేసిన చోట మంట పెడితే ప్రాణాంతకమైన ఫాస్జీన్ వాయువు పుట్టే ప్రమాదం ఉంది. రబ్బరు కాలితే దట్టమైన విషపు పొగ వస్తుంది. ఈ పని ఆరుబయట, అగ్నిమాపక సిలిండరు అందుబాటులో పెట్టుకుని చేయవలసింది.

కోయడం

కాడ గొట్టానికి పూర్తిగా అతుక్కుంటే కోయడమే సరైన దారి. బుష్‌నూ బోల్టునూ ఎలాగూ మార్చాలి కాబట్టి వాటిని కాపాడే ప్రయత్నం అనవసరం. కాపాడవలసింది చాసీ, బ్రాకెట్టు, వీలైతే షాకిల్ పలకలు. కమాను కన్నుకూ పలకకూ మధ్య కనిపించే సందులో రంపం పెట్టి, లోపలి గొట్టాన్నీ బోల్టునూ కలిపి రెండు వైపులా కోస్తే కమాను విడిపోతుంది. కరెంటు రంపం లేనప్పుడు సన్నపళ్ళ హ్యాక్సా బ్లేడు సరిపోతుంది, సమయమే ఎక్కువ పడుతుంది. గ్రైండరు వేగంగా కోస్తుంది గానీ నిప్పురవ్వలు దూరం ఎగురుతాయి, చక్రం పక్కకు వంగితే పగులుతుంది. కళ్ళద్దాలు, ముఖ కవచం తప్పనిసరి.

చాసీ గొట్టంలో మిగిలిన బుష్ మరో చిక్కు. ముందు రబ్బరును డ్రిల్లుతో తూట్లు పొడిచి లోపలి గొట్టాన్ని బయటికి లాగాలి. మిగిలిన బయటి గొట్టంలోకి హ్యాక్సా బ్లేడు దూర్చి నిలువుగా ఒక గీత కోస్తే, దానిలో ఇమిడి ఉన్న బిగువు సడలుతుంది. అప్పుడు సన్నని ఉలితో అంచును లోపలికి మడిచి బయటికి తట్టవచ్చు. బ్లేడు చాసీ గొట్టాన్ని కోయకముందే ఆపడం ముఖ్యం.

మరల పలకలో బోల్టు తెగిపోతే మిగిలిన ముక్క మీద కొత్త నట్టు పెట్టి వెల్డింగు చేయడం మంచి ఉపాయం. పట్టుకోవడానికి కొత్త తల దొరుకుతుంది, వెల్డింగు వేడి ముక్కను లోపలి నుంచి వేడెక్కించి, చల్లారేటప్పుడు బంధాన్ని తెంచుతుంది. ముందుగా బ్యాటరీ తీగలు విప్పాలి. డ్రిల్లు చేసి ఎక్స్‌ట్రాక్టరు దించేవారు దాని పెళుసుదనం మరవకూడదు. గట్టి ఉక్కుతో చేసిన ఆ పనిముట్టు లోపల విరిగితే, మామూలు డ్రిల్లు బిట్టు దాన్ని కోయలేదు.

తిరిగి బిగించడం

కొత్త బోల్టు కాడకూ కొత్త గొట్టం లోపలికీ నీటికి చెదరని గ్రీజు గానీ, రాగి పొడి కలిపిన యాంటీ సీజ్ లేపనం గానీ పల్చగా పట్టించాలి. తేమ చేరే సందును ముందే నింపడమే దీని ఉద్దేశం. ఖనిజ నూనెతో చేసిన గ్రీజు సహజ రబ్బరును ఉబ్బిస్తుంది కాబట్టి రబ్బరుకు అంటనివ్వకూడదు. మరలకు లేపనం రాసినప్పుడు ఘర్షణ తగ్గుతుంది, అదే టార్కుకు బోల్టు ఎక్కువగా సాగుతుంది. పొడి మరలకు చెప్పిన టార్కును యథాతథంగా వాడకుండా తగ్గించుకోవాలి.

బోల్టును ముందు షాకిల్ మరల పలకలోకి బిగించి, ఆ తర్వాతే లాక్ నట్టు వేయాలి. తిరగబెట్టి చేస్తే నట్టు బిగుసుకున్నట్టు కనిపించినా పలకలు గొట్టాన్ని పట్టుకోవు. అప్పుడు గొట్టం బోల్టు మీద తిరుగుతూ రెండింటినీ అరగదీస్తుంది. యాక్సిల్‌ను కమానుకు కట్టే యూ-బోల్టులు బిగింపులో సాగి ఉంటాయి, కమాను తీసిన ప్రతిసారీ వాటిని కొత్తవి వేయడం మంచిది.

చివరి బిగింపు చక్రాలు నేల మీద ఉండగా, బండి తన బరువుతో కూర్చున్నాకే చేయాలి. కమాను వేలాడుతుండగా బిగిస్తే లోపలి గొట్టం ఆ భంగిమలోనే స్థిరపడుతుంది. బండి దించగానే రబ్బరు మెలితిరిగి, కదలకుండా నిలిచి ఉన్నప్పుడు కూడా ఆ మెలికలోనే ఉండిపోయి త్వరగా చిరిగిపోతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ-బోల్టులనూ లాక్ నట్లనూ మరోసారి బిగించి చూడటంతో పని పూర్తవుతుంది.